తరవాణి కుండ, డ్రెస్సింగ్ సీసా

మా మామ్మ తరవాణి కుండ అడుగు నేను జీవితంలో ఒక్కసారే చూశాను. దాన్ని ఖాళీ చేసిన ఘనురాలిని కూడా నేనే.

కోటబొమ్మాళికి దగ్గర్లో మా ఊరు. నాన్న వాళ్ళమ్మని మేం మామ్మ అంటాం. వంటింట్లో ఓ మూల కుదురు మీద ఆ కుండ ఉండేది. పొద్దున్న అన్నం వార్చిన గంజి అందులో పడేది, మర్నాటికి పులిసేది. పైకి తేరిన పుల్లటి నీళ్ళు ముంచి చద్దన్నంలో పోసుకుని, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా నంజుకుని నాన్న పొలానికి వెళ్ళిపోయేవాడు. ముంచినంత మేరా మళ్ళీ కొత్త గంజి, పైన రెండు నిమ్మాకులు. కుండ మాత్రం ఎప్పుడూ ఖాళీ కాకూడదు. ఆ మాటకొస్తే మా ఇంట్లో బియ్యం డబ్బా, ఉప్పు జాడీ, నూనె సీసా, ఏదీ అడుగంటకూడదు. పాతది గుప్పెడైనా ఉండగానే దాని మీద కొత్తది పొయ్యాలి. అడుగు గీకిన చప్పుడు వినిపిస్తే మామ్మ ఎక్కడున్నా వచ్చి నెత్తి మీద మొట్టేది.

నాకేమో ప్రశ్నల రోగం. ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ కుండ అడుగున ఏముందో చూడాలని దురద పుట్టింది. అన్నేళ్ళ గంజి అడుగున ఏమై ఉంటుంది? మామ్మ సంతకి వెళ్ళిన రోజు చూసుకుని కుండ పెరట్లోకి మోసుకుపోయి గుమ్మరించేశాను. తెల్లటి మడ్డి, నల్లబడిన ఆకులు తప్ప ఏమీ లేదు. ఇంత ఉత్సాహానికీ ఇదేనా అని ఉసూరుమనిపించింది. సరే, ఎలాగూ ఖాళీ అయింది కదా అని కొబ్బరి పీచూ బూడిదా పెట్టి తళతళలాడేలా తోమి, ఎండలో బోర్లించి, మెచ్చుకుంటుందని గుమ్మంలో కూర్చున్నాను.

"ఓలమ్మో! ఓలమ్మో! ఏటి సేసినావే గుంటా! కుండ కడిగీసినావా!" అని మామ్మ సంచీ అక్కడే పడేసి నెత్తీ నోరూ కొట్టుకుంది.

పక్కింటి నుంచి చెంబుడు పులిసిన తరవాణి తెచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. అది దారికొచ్చేదాకా నాన్న చద్దన్నం ముందు మొహం వేలాడేసుకుని కూర్చునేవాడు. నెల్లాళ్ళ పాటు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మామ్మ నన్ను చూపించి, "ఇదిగో, కుండ కడిగిన మాతల్లి" అని పరిచయం చేసింది. పాతది ఎందుకంత ముఖ్యమని అడిగితే, "పాతదుంటేనే కొత్తది సెడిపోదు, అంతే, నోర్ముయ్యి" అంది. ఆ మాట నా బుర్రలో అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు నేను విజయనగరంలో నర్సింగ్ పిల్లలకి సూక్ష్మజీవుల పాఠాలు, ఆసుపత్రిలో ఒకరి రోగం ఇంకొకరికి అంటకుండా చూసుకునే పద్ధతులు చెబుతున్నాను. ప్రతి ఏడూ ఆ పాఠం మొదలుపెట్టే రోజు నాకు ఆ కుండ గుర్తుకొస్తుంది, దాని వెనకే ఒక సీసా. సీసా గుర్తుకొస్తే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

నేను శ్రీకాకుళంలో చదువుకున్నాను. మా హాస్టల్ అరసవల్లి వైపు. ఆదివారం పొద్దున్న గుడికెళ్ళే ఆటోల హారన్లకే లేచేవాళ్ళం. ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే ఒక సర్ వారానికి రెండు రోజులు వచ్చి మాకు మైక్రోబయాలజీ చెప్పేవారు. బక్కపల్చటి మనిషి, గొంతు పెంచడం ఎరగరు. మేం ఏమడిగినా ఆయనది ఒకటే జవాబు: "ఊహించకండమ్మా. చూద్దాం." అలా అనగానే కళ్ళు మెరిసేవి. మిగతా అమ్మాయిలు ఆయన క్లాసులో ఆవులించేవాళ్ళు. నేను మొదటి బెంచీలో కూర్చుని ప్రశ్నలతో ప్రాణం తీసేదాన్ని.

మొదటి ప్రాక్టికల్ రోజు మూత ఉన్న చిన్న చిన్న గాజు పళ్ళాలు తెచ్చారు. వాటిలో జున్నులా గడ్డకట్టిన పదార్థం. అది సముద్రపు నాచు నుంచి తీస్తారనీ, సూక్ష్మజీవులకి దాంతో కలిపి భోజనం పెడతామనీ చెప్పారు. కడగని వేళ్ళు ఒక పళ్ళెంలో ఆనించమన్నారు. హడావిడిగా కుళాయి కింద తడిపిన వేళ్ళు రెండో దాంట్లో. సబ్బుతో వేళ్ళ సందులూ గోళ్ళూ మణికట్టూ తీరిగ్గా రుద్ది కడిగి, ఆరిన వేళ్ళు మూడో దాంట్లో. మర్నాడు చూస్తే నా రెండో పళ్ళెంలో మొదటి దానికంటే ఎక్కువ చుక్కలు మొలిచాయి!

"సర్, కడిగితే పెరిగాయేంటి?" అని అరిచినంత పని చేశాను.

"కడగలేదమ్మా, తడిపావు. మడతల్లో కూర్చున్నవాళ్ళని లేపి బయటికి పిలిచావు, అంతే" అన్నారు.

ఆ రోజు హాస్టల్‌కి వెళ్ళి నా చేతులు నేనే తిప్పి తిప్పి చూసుకున్నాను. పుట్టినప్పట్నుంచీ నాతోనే ఉన్న చేతులు, వాటి మీద ఇంత సంత నడుస్తోందని ఒక్కరూ చెప్పలేదే అని ఆశ్చర్యం. తర్వాత నాకు పట్టపగ్గాల్లేవు. ఫోన్ అద్దం, హాస్టల్ గరిట, వార్డెనమ్మ తాళాల గుత్తి, కనిపించినదల్లా దూదిపుల్లతో తుడిచి సర్ దగ్గరికి పట్టుకెళ్ళేదాన్ని. సెలవులకి ఇంటికెళ్ళి వస్తూ వాటర్ బాటిల్‌లో మామ్మ తరవాణి కూడా తెచ్చాను. బస్సులో మూత ఎగిరి పక్కావిడ చీర తడిసి, ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

మిగిలిన కాస్త తరవాణిలోంచి సర్ ఒక చుక్క గాజు పలక మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టారు. ఊదారంగు పుల్లలు, వేలకి వేలు! "ఇవి పులుపు తయారుచేస్తాయి. ఆ పులుపులో చెడ్డవి చాలావరకు బతకలేవు. మీ మామ్మ పంట బాగా పండింది" అన్నారు. నా ఆనందం ఇంతా అంతా కాదు. వెంటనే మామ్మకి ఫోన్ చేసి, నీ కుండ నిండా సూక్ష్మజీవులేనే, మంచివేలే అని చెప్పాను.

"నీ నోట్లో ఉన్నాయి పురుగులు. సదూకోమని పంపితే నా కుండకి పేర్లెడతావేటే?" అని పెట్టేసింది.

అంతవరకూ బాగానే ఉంది. పాతదుంటేనే కొత్తది చెడిపోదన్న మాటకి ఇప్పుడు ల్యాబ్ ముద్ర కూడా పడింది కదా. అక్కడే నా బుర్ర తప్పుదారి పట్టింది.

రెండో ఏడాది నన్ను ఆపరేషన్ అయిన ఆడవాళ్ళ వార్డులో వేశారు. నా పని డ్రెస్సింగ్ ట్రాలీ. గాజుగుడ్డ, దూది, కత్తెర్లు, వాటి పక్కన గోధుమరంగు పెద్ద సీసాలో గాయం చుట్టూ తుడిచే యాంటిసెప్టిక్ మందు. చిక్కటి మందుని, కాచి చల్లార్చిన నీళ్ళలో కొలత ప్రకారం కలిపి ఆ సీసాలో పోసుకోవాలి. రోజు చివర మిగిలింది పారబొయ్యాలి, సీసా కడగాలి, ఆరబెట్టాలి, వేడిలో శుద్ధి చెయ్యాలి, మర్నాడు తాజాగా కలిపి తేదీ రాసిన కాగితం అతికించాలి. ఈ పద్ధతంతా నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా కొట్టేశాను.

కానీ సాయంత్రం సీసాలో సగం మందు ఉండగా పారబొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. చూస్తూ చూస్తూ మందు నేలపాలు చెయ్యడమా? పైగా అది క్రిముల్ని చంపే మందు, అది చెడిపోవడమేమిటి, చోద్యం కాకపోతే! అడుగంటక ముందే పైన కొత్తది కలిపి పోసేదాన్ని. పాత కాగితం మీదే కొత్త తేదీ కాగితం అతికించేదాన్ని, గుండ్రటి అక్షరాలతో, కింద గీత గీసి మరీ. "ఈ అమ్మాయి డ్యూటీలో ఉంటే సీసా ఎప్పుడూ నిండుగా ఉంటుంది, చూసి నేర్చుకోండి" అని ఇన్‌ఛార్జ్ సిస్టర్ మిగతావాళ్ళ ముందు మెచ్చుకునేసరికి నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

ఆ వార్డులో ఒక ఆయా ఉండేది. మేం ఆయమ్మ అని పిలిచేవాళ్ళం. సముద్రం ఒడ్డు ఊరు ఆమెది, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయాక బుట్ట దింపేసి ఆసుపత్రిలో పనికి చేరింది. నేల తుడవడం, బెడ్‌పాన్లు కడగడం, లేవలేనివాళ్ళని లేపడం ఆమె పని. విరామం దొరికితే గేటు బయటికెళ్ళి అడ్డపొగ పీల్చేది, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. అది మా వైపు ముసలాళ్ళ అలవాటే అయినా, హాస్టల్ పిల్లలం ముక్కు మూసుకుని ఎగతాళి చేసేవాళ్ళం.

ఒక పొద్దున్న నేను ట్రాలీ సర్దుతుంటే ఆమె తడిగుడ్డ ఆపి దగ్గరికొచ్చింది.

"పాపా, ఈ సీసాలోంచి ఏటో వాసనొస్తన్నాది. పళ్ళు ముగ్గిపోయినట్టు."

"మందు వాసన ఆయమ్మా."

"మందు వాసన నాకు తెల్దేటి? ఇన్నేళ్ళ బట్టీ పీలుస్తన్నాను. ఇది మందుది కాదు. ఓపాలి కడిగీరాదూ."

"అడ్డపొగ పీల్చే ముక్కుకి పళ్ళ వాసన కూడా తెలుస్తుందా! ముందు నువ్వు నోరు కడుక్కో ఆయమ్మా" అన్నాను.

పక్కనున్న ఇద్దరమ్మాయిలు కిసుక్కుమన్నారు. ఆమె తడిగుడ్డ తీసుకుని మంచాల కిందికి వంగింది.

తర్వాత వారానికి గరివిడి నుంచి వచ్చిన ఒక బాలింతకి కుట్లు ఎర్రబడ్డాయి. ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్ళాయన పళ్ళూ పాలూ పట్టుకుని రోజూ వచ్చేవాడు. తొలి కాన్పు, పెద్దాపరేషన్, ఆడపిల్ల. మొదట ఎరుపు, తర్వాత నీరు, తర్వాత గాజుగుడ్డ మీద పచ్చటి మరక. పసుపుపచ్చ కాదు, ఆకుపచ్చ. నాకు వింతగా తోచింది. చీముకి ఈ రంగేమిటని ఆమె మంచం దగ్గరే నిలబడి ఆలోచించాను. ఆమె నొప్పి తర్వాత తట్టింది నాకు, ముందు రంగు తట్టింది.

"రోజూ కడుగుతన్నారు కదా సిస్టరమ్మా, ఎందుకు మానట్లేదు?" అంది ఆమె. పిల్లని ఒళ్ళోకి తీసుకుంటే కుట్లు లాగుతున్నాయని ఏడ్చింది. పిల్ల వాళ్ళ అత్తగారి చేతుల్లోనే ఉండేది. నేను ఆమెకి ధైర్యం చెప్పి, ఇంకా ఎక్కువ మందు పోసి, ఇంకా శ్రద్ధగా తుడిచాను.

నాలుగు రోజుల్లో ఇంకో ఇద్దరికి అదే వరస. డాక్టరుగారు వార్డులోనే గట్టిగా అరిచారు. ఇన్‌ఛార్జ్ సిస్టర్ అరగంటలో దోషిని తేల్చేసింది. "బెడ్‌పాన్లు కడిగిన చేత్తోనే మంచాలు ముట్టుకుంటుంది. ఆ చుట్ట కంపూ ఆవిడా! సోమవారం మీటింగ్‌లో చెప్పి తీయించేస్తాను" అంది. ఆయాల్ని పెట్టే కాంట్రాక్టరుకి కబురు కూడా వెళ్ళిపోయింది. సోమవారం మధ్యాహ్నం తేలేదాకా పని చెయ్యి, మంగళవారం నుంచి రానక్కర్లేదేమో అని అతను ఆమెకి ఫోన్‌లోనే చెప్పాడట.

శనివారం పొద్దున్న ఆమె సింకు దగ్గర బేసిన్లు తోముతూ కనిపించింది. నన్ను చూసి, "బుట్ట మొయ్యడానికి మోకాళ్ళు లేవు పాపా. ఇదీ పోతే నానేటి సెయ్యను?" అంది. నేను ఏదో గొణిగి తప్పుకున్నాను. తప్పు ఆమెదేనని నేనూ నమ్మాను మరి. జాలి లేకపోలేదు. కానీ నిజం చెప్పొద్దూ, జాలి కంటే ఆమె చేతుల మీద ఏముందో పళ్ళెంలో చూడాలన్న ఆత్రమే ఎక్కువ. అందుకే ల్యాబ్‌కి పరిగెత్తాను.

సర్ అంతా విన్నారు. "ఆమె చేతులొక్కటే ఎందుకు? అన్నీ చూద్దాం" అని లేచారు.

ఆయన పద్ధతే అంత, తీసుకుంటే వార్డంతా తీసుకుంటారు. ఆయమ్మ చేతులు, నా చేతులు, తలుపు గడియ, కుళాయి, తుడిచే గుడ్డ, మంచం చువ్వలు, అన్నిటినీ తడి దూదిపుల్లతో తుడిచాం. ఆయమ్మ రెండు చేతులూ చాపి, ఏ శిక్ష పడుతుందో అన్నట్టు నిలబడింది.

"ఇంకేం మిగిలింది?" అన్నారు సర్.

"ఏం లేదు సర్."

"ఆ సీసా?"

నాకు నవ్వొచ్చింది. "అది క్రిముల్ని చంపే మందు సర్. దానికి పరీక్షేంటి?"

"చూద్దాం" అన్నారు. కాస్త మందు తీసి, దాని బలాన్ని విరిచే ఇంకో ద్రవంలో కలిపి, అప్పుడు పళ్ళెంలో పూశారు.

ఆ ఆదివారం నాకు తిండి సహించలేదు. భయం కాదు, ల్యాబ్‌లో వెచ్చటి పెట్టెలో పెట్టిన పళ్ళాల్లో ఏం మొలుస్తున్నాయోనన్న ఉబలాటం. సోమవారం తెల్లవారగానే స్నానం చేసి, టిఫిన్ మానేసి ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాను.

ఆయమ్మ చేతుల పళ్ళెంలో అక్కడక్కడ మామూలు చుక్కలు. నా చేతులవి అంతకంటే ఎక్కువ! సింకు దగ్గర రోజంతా సబ్బుతో ఉండే చేతులవి, నావేమో మెచ్చుకోళ్ళు అందుకునే చేతులు. గడియ, కుళాయి, గుడ్డ, వేటిలోనూ అనుమానించేదేమీ లేదు. చివరి పళ్ళెం మీదకి వంగాను. పళ్ళెం మొత్తం ఆకుపచ్చ. మెరిసే జిగట పొర అంచు నుంచి అంచు దాకా పాకింది. సర్ మూత కాస్త ఎత్తారు. నేను వాసన చూడబోలేదు, అదే వచ్చి ముక్కుకి తగిలింది. ముగ్గిపోయిన ద్రాక్షపళ్ళ వాసన.

"సూడోమోనాస్ అనే క్రిమి అయి ఉండాలి, ఇంకో పరీక్ష చేసి ఖాయం చేద్దాం. వార్డు నుంచి పరీక్షకి పంపిన ఆ ముగ్గురి చీములోనూ ఇలాంటిదే పెరిగింది" అన్నారు సర్. సీసా అడుగున కంటికి కనిపించని జిగట పొర కడుతుందట. కొత్తగా పోసిన మందు పైన ఈదేవాటిని చంపినా, ఆ పొరలో దాక్కున్నవాటి జోలికి పోలేదట. నీళ్ళు కలిపి, మిగిలిపోయి, పల్చబడిన మందైతే మరీనూ. "కడగకుండా పాతదాని మీదే కొత్తది పోస్తూ పోతే, రోజూ తోడు పెట్టినట్టే కదమ్మా" అన్నారాయన.

నా కళ్ళ ముందు మామ్మ కుండ కనిపించింది. ఆ గరివిడి ఆమె పొట్ట కూడా. మానడం లేదని ఎక్కువ పోసి మరీ తుడిచానే! స్టూలు మీద కూలబడ్డాను.

"సీసా ఎవరు నింపుతారు?" అడిగారు సర్.

"అందరం సర్" అన్నాను.

ఆ అబద్ధం నేను ఆలోచించి ఆడలేదు. దానంతటదే వచ్చేసింది. మా అమ్మాయి సిస్టరు అవుతోందని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. నన్ను తీసేస్తే? సర్ నా మొహం ఒక్క క్షణం చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆ మధ్యాహ్నం దాకా, సీసా దోషమని తేలింది కదా, ఆయమ్మ బయటపడినట్టే, ఇంక నా పేరెందుకు అని నాకు నేను చెప్పుకుంటూ తిరిగాను.

మీటింగ్‌లో ప్రిన్సిపాల్ మేడమ్, డాక్టరుగారు, ఇన్‌ఛార్జ్ సిస్టర్, సర్ బల్ల చుట్టూ కూర్చున్నారు. మేం నలుగురు స్టూడెంట్లం గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఆయమ్మ గుమ్మం బయట. బల్ల మీద ఆ ఆకుపచ్చ పళ్ళెం, దాని పక్కన నా సీసా. సర్ అంతా వివరించారు. నేను ఊపిరి పీల్చుకోబోయాను.

"సరే, మరి సీసాలోకి ఎలా వచ్చింది?" అంది ఇన్‌ఛార్జ్ సిస్టర్. "మా పిల్లలు చేతులు కడుక్కోకుండా ట్రాలీ ముట్టరు. ఈవిడే ఎప్పుడో మూత తీసి ఉంటుంది."

"నాను సీసా ముట్టనేదమ్మా" అంది ఆయమ్మ గుమ్మంలోంచి.

"నువ్వు మాట్లాడకు."

ఆయమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. నా వైపు చూడలేదు కూడా. చూసి ఉంటే నాకు కోపం వచ్చేదేమో, తప్పించుకోవడానికి ఒక దారి దొరికేదేమో. ఆమె నేల చూస్తూ నిలబడింది. ఇంక నా వల్ల కాలేదు. బల్ల దగ్గరికి నడిచాను. సీసా తీసుకుని పైన అతికించిన కాగితం గోరుతో లాగాను. దాని కింద ఇంకో కాగితం. అది లాగితే ఇంకోటి. లాగుతూ పోయాను. అన్నిటి మీదా తేదీలే, అన్నీ ఒకే గుండ్రటి అక్షరాలు, కింద గీతలతో సహా.

"ఇవన్నీ నేను రాసినవే మేడమ్. ఒక్కరోజు కూడా సీసా కడగలేదు. పాతదాని మీదే పోశాను. పొద్దున్న సర్‌తో అందరం నింపుతామని అబద్ధం చెప్పాను."

ఇన్‌ఛార్జ్ సిస్టర్ మొహం మాడిపోయింది. ఆపితే మళ్ళీ నోరు రాదని నేను ఆపలేదు. "వాసన వస్తోంది, కడగమని ఆయమ్మ నాకు ముందే చెప్పింది. నేను ఎగతాళి చేశాను."

"ఎప్పుడు చెప్పింది?" అన్నారు డాక్టరుగారు.

"గరివిడి ఆమెకి కుట్లు ఎర్రబడటానికి వారం ముందు సర్."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి, గుమ్మం వైపు తిరిగి ఆయమ్మని చూశారు. ఆమెని లోపలికి రమ్మనాలని అప్పటికి గానీ ఎవరికీ తోచలేదు.

ఆమె ఉద్యోగం నిలిచింది. నన్ను తీసెయ్యలేదు గానీ ఆ వార్డు పోస్టింగ్ మొత్తం మళ్ళీ చేయించారు. సాయంత్రాలు సీసాలు కడగడం నా పని. మందు మార్చాక ముగ్గురి గాయాలూ మెల్లగా దారికొచ్చాయి. గరివిడి ఆమె మంచం దగ్గరికెళ్ళి, మీకు చీము పట్టింది నా వల్లేనండీ, క్షమించండి అని చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. "పది దినాలు నా పిల్లని ఎత్తుకోనేకపోయాను" అని మాత్రం అని గోడ వైపు తిరిగిపోయింది. నేను ఇప్పటికీ ఆ మాట మా నర్సింగ్ పిల్లలకి చెబుతాను, పాఠంలో ఎక్కడా లేకపోయినా.

మీటింగ్ అయిన సాయంత్రం మామ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. నీ కుండని చూసే ఇలా చేశానే అన్నాను. నెపం ఆమె మీదకి తోసేద్దామని చూశాను కాబోలు.

"నా కుండనంటావేటే?" అని కయ్యిమంది మామ్మ. "నాను రోజూ పొద్దున్నే మూత తీసి వాసన సూస్తాను. తేడాగా ఉంటే ఆ దినమే పారబోసీసి, కుండ కాల్చీసి మళ్ళీ పెడతాను. నువ్వు పుట్టక ముందు ఎన్నిసార్లు పారబోసినానో నీకేటి తెల్సు? బాగున్న కుండ కడిగీసినావని తిట్టినాను గానీ, సెడిపోయింది ఉంచుకోమన్నానేటి?"

అన్ని ప్రశ్నలేసిన దాన్ని, మామ్మ రోజూ మూత తీసి ఎందుకు వంగుతుందో ఒక్కసారి కూడా అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఆయమ్మ సింకు దగ్గరే దొరికింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఆయమ్మా, నిన్ను తీసేస్తామంటున్నా సరే, వాసన సంగతి వాళ్ళతో ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

ఆమె బేసిను కడగడం ఆపలేదు. "నీకు సెప్పినాను కదా పాపా. సదూకుంటన్న గుంటవి, వార్డులో అందరికంటే నువ్వే ఎక్కువ పెశ్నలేస్తావు. నువ్వే ఇన్నేదు. ఆలు ఇంటారేటి?"

నాకు తల తీసేసినట్టయింది. కొత్త సీసా తెచ్చాను. కడిగి, ఆరబెట్టి, వేడిలో పెట్టి తీసిన సీసా. అందులో మందు పొయ్యకముందు ఆమె దగ్గరికి పట్టుకెళ్ళి, మూత తీసి, ఆమె మొహానికి జానెడు దూరంలో పట్టుకున్నాను. ఆమె నా మొహంలోకీ సీసా వైపూ చూసి, చేతులు కొంగుకి తుడుచుకుంది. చేప మొప్పలు ఎత్తి చూసే మనిషిలా తల కాస్త వంచి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా పీల్చింది.

"ఏటీ నేదు. పోసుకో" అంది.

అప్పుడు పోశాను.